సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవడం లేదు... ఎందుకు?

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ మాట లెక్కచేయకుండా పోయిన సంక్రాంతికి అత్తగారి ఊరి నుంచి హైదరాబాద్‌కు కనుమ పొద్దున్నే బయల్దేరబోయాను. డిక్కీలో అరిసెల డబ్బా, ఆవకాయ జాడీ. వెనక సీట్లో నిద్రమొహాలతో పిల్లలు. తాళం తిప్పాను. సెల్ఫ్ హుషారుగా తిరిగింది. ఇంజిన్ మాత్రం అందుకోలేదు. మళ్లీ తిప్పాను, మళ్లీ అంతే.

అయిదు నిమిషాల్లో వాకిలంతా నిపుణులే. "బ్యాటరీ అయిపోయింది బావా" అన్నాడు బావమరిది. పెట్రోల్లో నీళ్లు కలిసి ఉంటాయన్నాడు పక్కింటాయన. "అవన్నీ ఎందుకు అల్లుడు గారూ, నలుగురం తోస్తే అదే అందుకుంటుంది" అంటూ మామయ్యగారు పంచె ఎగ్గట్టారు. చెరువుగట్టు దాకా తోశారు. రెండో గేరులో పెట్టి క్లచ్చు వదిలిన ప్రతిసారీ బండి ఒక్క కుదుపు కుదిపి, నాలుగడుగులు గుర్రుమని ఆగిపోయింది. మళ్లీ వెనక్కి తోసుకొచ్చాం. పండగ పూట తిన్నదంతా అరిగింది తప్ప ఇంకేం జరగలేదు.

తోస్తే ఎందుకు అందుకోలేదు?

అందుకోదు కాబట్టి. ఈ మాట ఆ పొద్దున నాకు తట్టి ఉంటే ఆరుగురికి నడుంనొప్పి తప్పేది.

ఇంజిన్ ఆగి ఉన్నచోటి నుంచి తనంతట తాను తిరగలేదు. మొదటి కొన్ని చుట్లు ఎవరో తిప్పిపెట్టాలి. ఒకప్పుడు కారు ముందు నిలబడి ఇనుప హ్యాండిల్‌తో తిప్పేవారు. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912లో క్యాడిలాక్ కార్లలోకి వచ్చాక ఆ చాకిరీ బ్యాటరీ మీద, మోటారు మీద పడింది. దాన్నే మనం సెల్ఫ్ అంటున్నాం. ఇంజిన్‌ని తిప్పడం వరకే దాని పని. తోయడమన్నా అదే పని, కాకపోతే మోటారుకి బదులు చక్రాలు చేస్తాయి. సెల్ఫ్ మొరాయించినప్పుడు, బ్యాటరీ నీరసించినప్పుడు తోయడంలో అర్థం ఉంది. సెల్ఫ్ శుభ్రంగా తిరుగుతుంటే తోయడం ఎలాంటిదంటే, పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, ఇంట్లో బియ్యం లేవు, పక్కింటి నుంచి ఇంకో పొయ్యి తెచ్చినట్టు.

పైగా పెట్రోలు వచ్చి మండకుండా పోతున్న బండి అయితే, తోసినకొద్దీ ఆ పెట్రోలంతా సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరుతుంది. తర్వాత ఇంజిన్ అందుకున్నాక అక్కడ మండి దాన్ని పాడుచేయగలదు. దాని ఖరీదు ముందు మనం వెతుకుతున్న లోపం ఖరీదు చిల్లర కింద లెక్క.

అందుకే మెకానిక్‌కి ఫోన్ చేసినప్పుడు "బండి స్టార్ట్ కావడం లేదు" అని ఊరుకోకండి. సెల్ఫ్ తీసుకోవడం లేదా, సెల్ఫ్ తీసుకుని కూడా స్టార్ట్ కావడం లేదా, అది చెప్పాలి. మొదటిదైతే బ్యాటరీ, టెర్మినళ్లు, స్టార్టర్ మోటారు చూడాలి. రెండోది పూర్తిగా వేరే జబ్బు. ఆ ముక్క చెప్పకపోతే ఆయన బ్యాటరీ ఒకటి మోసుకొస్తాడు.

కనుమ రోజు షెడ్డు ఎవరు తీస్తారు? విజయవాడ ఆటోనగర్‌లో పాతికేళ్లుగా తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు, ఆయనకే ఫోన్ చేశాను. నేను రాగం తీయబోతే మధ్యలోనే ఆపేశాడు. "అవన్నీ తర్వాత సార్. బోనెట్ ఎత్తి, ఫోను ఇంజిన్ దగ్గర పెట్టి, ఎవరిచేతన్నా సెల్ఫ్ వేయించండి."

చప్పుడు వింటే ఏం తెలుస్తుంది?

చాలా తెలుస్తుంది. సెల్ఫ్ వేసినప్పుడు ఇంజిన్ నిమిషానికి రమారమి 200, 250 చుట్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ప్రతి చుట్టుకూ రెండు సిలిండర్లు గాలిని నొక్కుతాయి. నొక్కినప్పుడల్లా మోటారుకి కాస్త బరువు పెరుగుతుంది. అంటే సెకనుకు ఏడెనిమిది దెబ్బల లయ ఒకటి వినబడాలి. మూడు సిలిండర్ల బండిలో దెబ్బలు ఇంకొంచెం తక్కువ. డప్పు కొట్టేవాడి చెయ్యిలా ఆ లయ సమానంగా ఉంటే కంప్రెషన్ ఉన్నట్టే.

లయ కుంటుతూ ఉంటే, అంటే మూడు దెబ్బలు గట్టిగా పడి నాలుగోది జారిపోతుంటే, ఒక సిలిండర్‌లో కంప్రెషన్ పోయినట్టు. దెబ్బలు సమానంగానే ఉన్నా ఈడ్చుకుంటూ వస్తుంటే బ్యాటరీ. ఇక్కడ చాలామంది పొరబడతారు. సెల్ఫ్ తిరుగుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉందనుకుంటారు. నిండుగా ఉన్న బ్యాటరీ ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ వేసినప్పుడు అది సుమారు 9.6 కంటే దిగువకు జారితే మోటారు ఎలాగో తిరిగినా, స్పార్క్‌కి, పెట్రోలు పంపుకి, ఈసీయూ అనే కంప్యూటర్ పెట్టెకి చాలినంత కరెంటు మిగలదు. అప్పుడు వేరే బ్యాటరీ నుంచి జంపర్ వైర్లు పెట్టినా, తోసినా బండి అందుకోవచ్చు. బావమరిది మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదన్నమాట. కానీ మా బండి సెల్ఫ్‌లో నీరసం లేదు.

ఇక అన్నిటికంటే భయపడాల్సిన చప్పుడు, లయే లేని చప్పుడు. కుట్టుమిషన్‌లా, మామూలు కంటే వేగంగా, తేలిగ్గా రయ్యిమని తిరిగిపోతుంది. టైమింగ్ బెల్టు తెగినప్పుడు ఇలా వినబడుతుంది. కింద పిస్టన్లు ఆడుతుంటాయి, పైన వాల్వులు కదలవు. తెరిచి ఉన్న వాల్వుల్లోంచి గాలి జారిపోతుంది, నొక్కడానికి ఏమీ ఉండదు. చాలా ఇంజిన్లలో ఆ దశలో పిస్టన్ పోయి వాల్వుకి తగిలి దాన్ని వంచేస్తుంది. ఈ చప్పుడు వినబడితే రెండోసారి సెల్ఫ్ వేయకూడదు. బండిని లాక్కెళ్లడమే.

"లయ బాగుంది సార్, ఇంజిన్‌కి ఏం కాలేదు" అన్నాడు మేస్త్రి. సగం ఊపిరి పీల్చుకున్నాను. మామయ్యగారు మాత్రం ఫోను వంక అనుమానంగా చూశారు.

పెట్రోలు వస్తోందో లేదో విప్పకుండా ఎలా తెలుసుకోవాలి?

గాలి, పెట్రోలు, వాటిని నొక్కే కంప్రెషన్, సరైన క్షణంలో స్పార్క్. పెట్రోలు ఇంజిన్‌కి కావలసినవి ఇవే. గాలి అందకపోవడం అరుదు. కంప్రెషన్ ఉందని చెవే చెప్పింది. మిగిలినవి పెట్రోలు, స్పార్క్.

పాటా, ఏసీ ఆపేసి, అందరినీ నోరు మూసుకోమని (పండగ ఇంట్లో కష్టమే), సెల్ఫ్ దాకా వెళ్లకుండా తాళాన్ని ఆన్ దాకా మాత్రం తిప్పితే, వెనక సీటు కింది నుంచి రెండు సెకన్లపాటు సన్నగా ఝుమ్మని వినబడి ఆగిపోవాలి. అది ట్యాంకులో మునిగి ఉండే పెట్రోలు పంపు, లైనులో ప్రెషర్ నింపుతున్న చప్పుడు. రెండు సెకన్లకే ఎందుకు ఆగుతుంది? ఇంజిన్ తిరుగుతోందన్న కబురు అందితేనే ఈసీయూ పంపుని మళ్లీ నడిపిస్తుంది. ప్రమాదం జరిగి ఇంజిన్ ఆగిపోయి, తాళం ఆన్‌లోనే ఉండిపోతే, పంపు పెట్రోలు చిమ్ముతూ కూర్చోకూడదు కదా.

ఆ ఝుమ్ వినబడకపోతే ముందు ఫ్యూజ్ చూడాలి, తర్వాత రిలే. చాలా బళ్లలో హారన్ రిలే, పంపు రిలే ఒకే రకం ఉంటాయి. మీద నంబర్లు ఒకటే అయితే అటుదిటు మార్చి చూడొచ్చు, ఖర్చు సున్నా. అప్పటికీ పలక్కపోతే పంపే. ముసలి పంపుని ట్యాంకు అడుగున గుప్పిటితో గట్టిగా తడితే ఒక్కోసారి ఉలిక్కిపడి లేస్తుంది. అది వైద్యం కాదు. షెడ్డు దాకా చేరడానికి దొరికిన గడువు, అంతే.

పంపు త్వరగా పోవడానికి మనమూ ఒక కారణమే. తన చుట్టూ ఉన్న పెట్రోలుతోనే అది చల్లబడుతుంది. ఎప్పుడూ రిజర్వులో తిప్పితే వేడెక్కి అరుగుతుంది. సీఎన్‌జీ బళ్లవాళ్లు దీన్ని మరీ మర్చిపోతారు. వాటిలో చాలా బళ్లు ముందు పెట్రోలు మీద స్టార్టయి తర్వాత గ్యాస్‌కి మారతాయి. గ్యాస్ ఉంది కదా అని పెట్రోలు పోయించరు. ఒక పొద్దున సిలిండర్ నిండుగా ఉన్నా బండి లేవదు. మీటర్ ముల్లునీ గుడ్డిగా నమ్మొద్దు. లోపలి ఫ్లోటు ఇరుక్కుంటే ఖాళీ ట్యాంకుకీ పావు చూపిస్తుంది.

మా బండిలో ఝుమ్ స్పష్టంగా వచ్చింది. "సైలెన్సర్ దగ్గర వాసన చూడండి" అన్నాడు మేస్త్రి. అంతసేపు సెల్ఫ్ కొట్టి, అంత దూరం తోశాక ఘాటైన పెట్రోలు వాసన రావాలి. రాలేదు. అంటే ట్యాంకు నుంచి ఇంజిన్ గుమ్మం దాకా పెట్రోలు వచ్చింది, గుమ్మం తలుపులే తెరుచుకోలేదు. ఆ తలుపులే ఇంజెక్టర్లు.

వాసన గుప్పుమని వచ్చే బళ్ల కథ వేరు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చల్లని ఇంజిన్‌ని స్టార్ట్ చేసి, బండిని పది అడుగులు జరిపి వెంటనే ఆపేస్తే, చల్లటప్పుడు ఎక్కువగా చల్లిన పెట్రోలు ఒక్కోసారి ప్లగ్గుల్ని తడిపేస్తుంది. మర్నాడు సెల్ఫ్ తిరుగుతుంది, స్పార్క్ తడిలో చస్తుంది. అలాంటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా కిందికి తొక్కిపట్టి ఏడెనిమిది సెకన్లు సెల్ఫ్ వేయాలి. పెట్రోలు పెరుగుతుందేమో అనిపిస్తుంది కానీ, ఇంజెక్షన్ బళ్లలో చాలావాటికి అది 'పెట్రోలు ఆపు' అన్న సంకేతం. గాలి మాత్రం లోపలికి పోయి ప్లగ్గులు ఆరతాయి. ఇంజిన్ దగ్గడం మొదలుపెట్టగానే కాలు తీసేయాలి. కార్బురేటర్ రోజుల అలవాటుతో యాక్సిలరేటర్‌ని పదిసార్లు పంపు కొట్టినట్టు కొట్టడం వల్ల ఇప్పటి బళ్లకి ఏ ప్రయోజనమూ లేదు.

పక్కింటాయన చెప్పిన నీళ్ల సంగతి? అదీ అసంభవం కాదు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది కొద్దిపాటి నీటిని తనలో కలుపుకుంటుంది. నీరు మితిమీరితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. పంపు ఉండేదీ అక్కడే. కానీ అలాంటిది బంకులో పోయించుకుని కొద్ది దూరం పోయేసరికే బయటపడుతుంది. మేం పోయించుకున్నాక రెండు వందల కిలోమీటర్లు సాఫీగా వచ్చాం.

ఇంతలో మామయ్యగారికి ఒకటి తట్టింది. "మన ట్రాక్టర్‌కి డీజిల్ అయిపోతే ఎయిర్ పడుతుంది. పంపు కొట్టి ఎయిర్ తీసేదాకా చచ్చినా లేవదు. దీనికీ అదేనేమో అల్లుడు గారూ." ట్రాక్టర్ విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. డీజిల్ ఇంజిన్‌కి ప్లగ్గుల స్పార్క్ ఉండదు. గాలిని పదహారు, పద్దెనిమిదో వంతుకి నొక్కి 500 డిగ్రీలకు పైగా వేడెక్కిస్తే, అందులో చల్లిన డీజిల్ తనంతట అదే అంటుకుంటుంది. అలా చల్లడానికి విపరీతమైన ప్రెషర్ కావాలి. డీజిల్‌ని నొక్కినా దాదాపు నలగదు కాబట్టే ప్రెషర్ పుడుతుంది. లైనులో గాలి బుడగ ఉంటే నొక్కుడంతా అది మింగేస్తుంది. పెట్రోలు కారులో పంపు ట్యాంకులోనే ఉండి గాలిని ముందుకు తోసేస్తుంది కాబట్టి ఆ బెడద తక్కువ.

డీజిల్ కారువాళ్లకి వాసన కంటే పొగ మంచి గురువు. సెల్ఫ్ వేస్తుంటే సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ వస్తే డీజిల్ లోపలికి చేరుతోంది, మండటం లేదు. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున ఇలా జరిగితే హీటర్ ప్లగ్గుల్ని అనుమానించాలి. బందరులో మే నెలలో జరిగితే హీటర్ ప్లగ్గులు మార్చమనేవాడిని అనుమానించాలి. అక్కడ కంప్రెషన్ చూపించుకోవడం మేలు. పొగే లేకపోతే డీజిల్ రావడం లేదు: ఫిల్టర్ మూసుకుపోయిందో, ఎయిర్ పట్టిందో, ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్ అయితే ప్రెషర్ చాలడం లేదో. చాలా ఇంజిన్లలో రైలు ప్రెషర్ ఇంచుమించు 200 బార్లయినా దాటితే తప్ప ఈసీయూ ఇంజెక్టర్లని తెరవనివ్వదు. అరిగిన ఇంజెక్టర్ వచ్చిన డీజిల్‌ని రిటర్న్ పైపులోకి వదిలేస్తుంటే ఆ అంకె చేరదు. రిటర్న్ పైపులకి నాలుగు చిన్న సీసాలు కట్టి సెల్ఫ్ వేస్తే ఏ సీసా ముందు నిండుతుందో అదే దొంగ. ఈ పరీక్ష చేయకుండా నాలుగు ఇంజెక్టర్లూ మార్చేయమనేవాళ్లున్నారు, జాగ్రత్త.

మళ్లీ మా కారు దగ్గరికి. "తాళం ఆన్ చేస్తే ఇంజిన్ గుర్తున్న పసుప్పచ్చ లైటు వెలుగుతోందా?" వెలుగుతోంది. అది అసలు వెలగకపోతే ఈసీయూకే కరెంటు లేదని అర్థం. ఆ లైటు వెలిగితే కంగారుపడతాం గానీ, స్టార్ట్ చేయకముందు అది వెలగడమే ఆరోగ్యం. "తాళంచెవి బొమ్మ ఉన్న లైటు మిణుకుమిణుకుమంటోందా?" లేదు. మిణుకుమంటే ఇమ్మొబిలైజర్ మన తాళాన్ని గుర్తుపట్టలేదన్నమాట. తాళంచెవి ప్లాస్టిక్ పిడిలో ఒక బుల్లి చిప్పు ఉంటుంది. కిందపడి అది ఊడినా, డూప్లికేట్ తాళంలో అది లేకపోయినా, కొన్ని బళ్లు సెల్ఫ్‌ని తిరగనిచ్చి పెట్రోలు, స్పార్క్ ఆపేస్తాయి. ముందు రెండో తాళంతో ప్రయత్నించాలి.

"సరే, ఇప్పుడు సెల్ఫ్ వేస్తూ ఆర్‌పీఎమ్ ముల్లు చూడండి." చూశాను. ముల్లు సున్నా మీంచి కదల్లేదు. అవతల నిశ్శబ్దం. తర్వాత, "క్రాంక్ సెన్సార్ సార్. లేదా దాని వైరు."

ఒక్క సెన్సార్ లేకపోతే అంత ఇంజిన్ ఎందుకు ఆగాలి?

ఎందుకంటే ఈసీయూ గుడ్డిది. పిస్టన్లు ఎక్కడున్నాయో దానికి కనబడదు. క్రాంక్ షాఫ్ట్‌తోపాటు తిరిగే పళ్ల చక్రం ఒకటుంటుంది. చాలా బళ్లలో 60 పళ్లకు చోటు ఉండి, రెండు పళ్లు కావాలనే తీసేసి ఉంటాయి. సెన్సార్ ఆ చక్రం అంచున కూర్చుని పళ్లు లెక్కపెడుతుంది. ఖాళీ వచ్చినప్పుడల్లా 'ఇక్కడ మొదలు' అని ఈసీయూకి తెలుస్తుంది. దాన్నిబట్టే ఏ ఇంజెక్టర్ ఎప్పుడు తెరవాలో, ఏ ప్లగ్గుకి ఎప్పుడు స్పార్క్ ఇవ్వాలో లెక్క కడుతుంది. ఆ కబురు ఆగిపోతే ఈసీయూ దృష్టిలో ఇంజిన్ అసలు తిరగడమే లేదు. మనం సెల్ఫ్ కొట్టినా, ఊరంతా కలిసి తోసినా దానికి తెలియదు. అందుకే పెట్రోలు లేదు, స్పార్క్ లేదు. మీటర్ ముల్లుకి లెక్క చేరేదీ సాధారణంగా ఆ సెన్సార్ నుంచే. కొన్ని మోడళ్లలో సెల్ఫ్ వేగానికి ముల్లు మామూలుగానే కదలదు, కాబట్టి ఇదొక్కటే సాక్ష్యంగా తీర్పు చెప్పకూడదు. మిగిలిన సాక్ష్యాలన్నీ ఇటే చూపించాయి కాబట్టి మేస్త్రి అంత ధీమాగా అన్నాడు. షెడ్డులో స్కానర్ పెడితే పి0335 అన్న కోడు చూపించి ఉండేది.

ఈ సెన్సార్‌కి ఎండాకాలం ఇంకో రోగం ఉంది. వేడెక్కితే లోపలి తీగచుట్ట తెగినట్టయి, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది. దారిలో బండి చటుక్కున ఆగుతుంది, సెల్ఫ్ ఎంత కొట్టినా లేవదు, అరగంట చెట్టుకింద కూర్చుంటే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డుకి తీసుకెళ్తే 'బాగానే ఉందే' అంటారు. అంబాసిడర్ల కాలంలో ఎండకి ఆగితే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసేవారు. అప్పుడు పెట్రోలు లైనులోనే ఆవిరైపోయేది, తడిగుడ్డ పనిచేసేది. జబ్బు ఒకేలా కనబడుతుంది గానీ ఇప్పటి బండికి ఆ గుడ్డ ఎక్కడ వేసినా దండగే. బండి వేడిగా ఆగిందా, చల్లగా ఉన్నప్పుడు మొరాయించిందా అన్నది మెకానిక్‌కి తప్పక చెప్పండి.

బావమరిది బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి, ఎయిర్ ఫిల్టర్ పెట్టె పక్కకు జరిపి, ఇంజిన్, గేరుబాక్సు కలిసేచోట టార్చి వేశాడు. "బావా, ఇటు చూడు." సెన్సార్‌కి వెళ్లే రెండు వైర్లు పట్టున కొరికి ఉన్నాయి. రాగి తీగ మెరుస్తోంది. పక్కనే పిడికెడు ఎండుగడ్డి. భోగి ముందురోజు నీడ ఉంది కదా అని కారుని గడ్డివాముకి ఆనించి పెట్టింది నేనే.

అంతకుముందు పక్కింటి కుర్రాడు ఒకడు ప్లగ్గు విప్పి, స్క్రూడ్రైవర్ ఆనించి కరెంటు వస్తోందో చూద్దామన్నాడు. వద్దన్నందుకు ఇప్పుడు సంతోషం వేసింది. ఇప్పటి కాయిల్స్ ఇరవై, ముప్పై వేల వోల్టులు కొడతాయి. అది మనిషికీ మంచిది కాదు, ఈసీయూకీ మంచిది కాదు. సెల్ఫ్ కూడా ఒక విడతకి పది సెకన్లు మించి వేయకూడదు, మధ్యలో అరనిమిషమైనా ఆగాలి. ఇక వరదనీళ్లలో ఆగిన బండికైతే సెల్ఫే వేయకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లో మునిగినటువంటి బళ్ల సిలిండర్లలోకి నీరు చేరి ఉంటే, నీరు నలగదు కాబట్టి సెల్ఫ్ దెబ్బకి కనెక్టింగ్ రాడ్డే వంగిపోవచ్చు.

ఫోన్లో మేస్త్రి చెబుతుంటే బావమరిది వైర్లు ఒలిచి, ఏ రంగుకి ఆ రంగు చూసి మెలేసి, టేపు చుట్టాడు. ఊరు చేరాక సోల్డర్ చేయించుకోమన్నాడు మేస్త్రి. టెర్మినల్ బిగించి తాళం తిప్పాను. సెల్ఫ్ రెండు దెబ్బలు కొట్టిందో లేదో, ఇంజిన్ అందుకుంది. మామయ్యగారు డిక్కీ తెరిచి అరిసెల డబ్బా బయటికి తీశారు. "పొద్దుపోయింది. రేపు వెళ్దురుగాని."

ఫోన్ ఇంకా లైన్లోనే ఉంది. "ఎన్ని వైర్లు కొరికింది సార్?" అడిగాడు మేస్త్రి.

"రెండే."

"రెండేనా? అయితే ఇంకా లోపలే ఉంటుంది. ఇంజిన్ ఆపి, బోనెట్ తీసే ఉంచండి."